పాలుకు తెచ్చిన కోడి

నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివి కోళ్ల ఉద్యోగంలో చేరాను. ఈ రెంటికీ ఏమి సంబంధమని హిందూపురంలో మా నాయన అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. రిటైరయ్యే నాటికి కూడా దొరకలేదు గానీ, అప్పటికి అడిగే మనిషి లేకపోయాడు. "కోళ్లు కాసేదానికి అంత దూరం పోయి చదవల్లనా? మన దొడ్లోనే కాసుకుంటా ఉంటే ఆ దుడ్లన్నా మిగిలేవి" అన్నాడాయన, నా ఆర్డరు కాగితాన్ని తిప్పి తిప్పి చూసి. ఆయన లెక్కలో తప్పేమీ లేదు.

ఈ కాలం పిల్లలకు ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. మీకు తెలిసిన కోడిపిల్ల అట్టపెట్టెలో కూర్చుని వ్యానులో వస్తుంది. మీ అమ్మ ఎవరని మీరు దాన్ని అడగరు, అదీ చెప్పదు. నేను చెప్పేది అరవైల మొదటి మాట. అప్పట్లో కోడిపిల్ల కావాలంటే ఒక పెట్ట మూడు వారాలు గుడ్లమీద కదలకుండా కూర్చోవాలి. కూర్చోవాలంటే దానికి ఆ బుద్ధి పుట్టాలి. కోడికి బుద్ధి పుట్టించే జీ.వో. ఏ గవర్నమెంటూ ఇంతవరకు తేలేదు.

నన్ను పెనుకొండ బ్లాకులో వేశారు. పల్లెల్లో సీమకోళ్లను పెంచేట్టు చేయడం నా పని. సీమకోడి అంటే తెల్లకోడి. అది ఏడాది పొడుగునా గుడ్లు పెడుతుంది, కానీ పొదగదు. గుడ్డు పెట్టేసి వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది. నాటుకోడి అలా కాదు. నాలుగు గుడ్లు పెట్టిందంటే వాటిమీద కూర్చుని లోకాన్నే మరిచిపోతుంది. అందుకని సీమగుడ్డును నాటుకోడి కింద పెట్టి పొదిగించాలి. ఈ విషయమై శాఖ నుంచి నాకు రెండు సర్క్యులర్లు ఒకే తపాలాలో వచ్చాయి. అదేపనిగా పొదుగుకు కూర్చునే అలవాటును నాటుకోళ్లకు మాన్పించమని ఒకటి. పొదుగుకు కూర్చున్న నాటుకోళ్లను వెతికి పట్టుకుని సీమగుడ్లు పెట్టించమని రెండోది. రెంటిమీదా ఒకే అధికారి సంతకం. నేను రెంటినీ ఒకే ఫైలులో పెట్టి, వాటిలో అవే తేల్చుకోనీ అని వదిలేశాను.

నా అసలు చిక్కు కోళ్లతో కాదు. మా సీమలో ఎద్దులు మగవాళ్లవి, కోళ్లు ఆడవాళ్లవి. గుడ్డు అమ్మినా, పుంజును కోసినా ఆడవాళ్ల మాటే. ఇక పరాయి మగవాడొకడు సైకిలు దిగి, "మీ కోడి పొదుగుకొచ్చిందామ్మా" అని ఇంటావిడను పలకరిస్తే, ఇంటాయన ముందు కట్టె వెతుక్కుంటాడు, తరవాత విషయం అడుగుతాడు. రెండు మూడు ఊళ్లలో ఆ మర్యాద అయ్యాక, బి.డి.ఓ. గారు జాలిపడి గ్రామసేవికను నాకు తోడిచ్చారు.

ఆమె ధర్మవరం మనిషి. పట్టుచీరలు నేసే ఇంటి బిడ్డ. ఆ వీధిలో స్కూలు ఫైనలు దాటిన మొదటి ఆడపిల్ల అనేవాళ్లు. పొగరాని పొయ్యిలు, పసిపిల్లల తిండి, కుట్లు అల్లికలు ఆమె చూసే పనులు. ఆమెను ఏమని పిలవాలో నాకు తెలియలేదు. 'అమ్మా' అనడానికి మనసొప్పలేదు, పేరు పెట్టి పిలిచేంత చనువు లేదు. అందుకని అక్కడ పనిచేసినన్నాళ్లూ ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. ఆమెకు ఆ ఇబ్బంది లేదు, 'సార్' అనేది.

పని ఇలా సాగేది. నేను వీధి అరుగుమీద కూర్చునేవాణ్ని. ఆమె లోపల పెరట్లో ఆడవాళ్ల మధ్య ఉండేది. నేనొక మాట బయటినుంచి అంటే ఆమె లోపలికి చేరవేసేది, వాళ్లన్నది బయటికి చెప్పేది. అయితే నా మాట నడవ దాటేసరికి రూపం మారిపోయేది. గుడ్లకు గాలి, వేడి, తేమ ఏ పాళ్లలో ఉండాలో నేను కాలేజీ తెలుగులో గంభీరంగా చెబితే, లోపల ఆడవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. తేమ గురించి నేనెప్పుడూ జోకు వేసి ఎరగను. ఒకరోజు ఆపుకోలేక, లోపల ఏం చెబుతున్నారని తిరుగుదారిలో అడిగాను.

"మీరు చెప్పిందే చెప్తాండా సార్. కొంచెం ఉప్పూ కారం ఏస్తాండా. ఉత్తది ఎవురు తింటారు?" అంది.

అప్పటినుంచి నేను అరుగుమీద కూర్చుని ఒక మాట లోపలికి పంపడం, దానికి ఎంత నవ్వు పండుతుందా అని చెవులు రిక్కించడం. కోళ్లశాఖలో నేను అంత ఇష్టంగా ఉపన్యాసాలిచ్చిన కాలం మరొకటి లేదు.

ఆ ఏడు చలి మొదలయ్యే వేళకు మా బ్లాకుకు పొదిగే యంత్రం వచ్చింది. హిందూపురం గూడ్సు షెడ్డులో దిగి, బెల్లం మూటల లారీ ఎక్కి పెనుకొండ చేరిన ఇంక్యుబేటరు. చెక్కపెట్టె, దానికి అద్దం తలుపు, పక్కన వేడికోసం కిరసనాయిలు దీపం. దాన్ని ఊళ్లో అందరికంటే భద్రమైన చోటని బి.డి.ఓ. గారి గదిలో పెట్టారు. దానికి మూడింది అక్కడే. బి.డి.ఓ. గారు మంచివారు, కొత్త వస్తువంటే చంటిపిల్లవాడంత సంబరం. సర్పంచులు వచ్చినా, బావి అప్పుకోసం రైతులు వచ్చినా, ఆయన కుర్చీలోంచి లేచి అద్దం తలుపు బార్లా తీసి, ఒక గుడ్డు చేతికిచ్చి, "చూడండి, తల్లి లేకుండానే!" అనేవారు. తలుపు తీయకూడదని నేను రెండుసార్లు మనవి చేశాను. మూసిపెట్టుకునేదానికైతే తెప్పించడమెందుకని ఆయన అడిగారు. అలా చూపించీ చూపించీ గుడ్లన్నీ చల్లారిపోయాయి. గడువు దాటి వారమయ్యాక బంట్రోతు వాటిని గంపకెత్తుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఊరి బయట పూడ్చి వచ్చాడు. ఆ వాసనతో సీమగుడ్డంటే మురిగిన గుడ్డని తాలూకా అంతా పేరు పడిపోయింది.

ఇంకో విడత గుడ్లు వచ్చినప్పుడు, ఊరికే ఇస్తామన్నా తీసుకునే ఇల్లు దొరకలేదు. పొదగేసే గుడ్డు ఎక్కువ రోజులు ఆగదు. చివరికి వాటిని నేనే తీసుకుంటానన్నాను. అప్పుడామె చాలా సహజమైన ప్రశ్న అడిగింది, నాకు కోడి యాడుందని. లేదు. కోళ్ల సారు ఇంట్లో కోడి లేదన్న సంగతి అంతవరకు ఎవరికీ తోచలేదు.

ఆమె సెలవుకు ధర్మవరం వెళ్లి, సోమవారం పొద్దున పాసింజరు దిగింది, చంకలో గంపతో. గంపలో ఒక గోధుమరంగు పెట్ట గుండ్రాయొకటి కిందేసుకుని, దానిమీద రెక్కలు పరిచి కూర్చుని ఉంది. రైలు కూత వేసినా, ఊరు మారినా దానికి పట్టినట్టు లేదు. రాయి పిల్లవుతుందని దానికి గట్టి నమ్మకం.

వాళ్లమ్మ ఆ కోడిని నాకు పాలుకిచ్చిందని చెప్పింది. పాలుకివ్వడమంటే వాటాకివ్వడం. కోడి ఒకరిది, గుడ్లు ఇంకొకరివి, పిల్లలు చెరిసగం. దానికి కొన్ని పద్ధతులున్నాయి. కోడిని ఎవరి చేతనో పంపేయకూడదు. పురిటికి వచ్చిన ఆడబిడ్డను సాగనంపినట్టు, పిల్లలతో సహా, తెచ్చుకున్నవాడే వెంట వెళ్లి అప్పజెప్పాలి. పిల్లలు తల్లిరెక్క వదిలి సొంతంగా మేసేదాకా పంపకం ఉండదు. అందాకా వాటాదారు అప్పుడప్పుడూ ఆ ఇంటికి పోయి, తన పాలు ఎట్లుందో చూసుకుని, ఇంత మజ్జిగ తాగి రావచ్చు. ఇవన్నీ ఆమె ఆఫీసు వరండాలో నిలబడి, గంప అంచు సర్దుతూ చెప్పింది. ఆ చివరి పద్ధతి మాత్రం నాకు ఒక్కసారి చెబితేనే అర్థమైంది.

పెనుకొండలో నేను ఒక అవ్వ ఇంట్లో అద్దెకుండేవాణ్ని. గంపను నా గది ముందు వసారాలో పెట్టాం. ఆమె రోజూ పని ముగించుకుని కోడిని చూసేదానికి వచ్చేది. ఆమె వచ్చిందంటే అవ్వ కూడా వచ్చి, గోనెపట్టా పరుచుకుని మా ఇద్దరి మధ్య కూర్చుని వక్క కొట్టుకునేది. "ఏమప్పా, కోడి మేసిందా లేదా అని చూసేదానికి చదువుకున్నోళ్లు ఇద్దరు కావల్లనా?" అని అడిగింది ఒకసారి. శాఖ రూలని చెప్పాను. మీ శాఖ మంచిదేనప్పా అంది అవ్వ.

వారం గడిచాక గుడ్లను వెలుతురుకు పెట్టి చూడాలి, లోపల జీవం పడిందో లేదో తెలుస్తుంది. గది తలుపులు మూసి, కిటికీ రెక్కకున్న బొక్కలోంచి పడే ఎండకు గుడ్డు అడ్డం పెట్టాను. అవ్వ పిలవకుండానే మాతోపాటు లోపలికి వచ్చింది. గుడ్డు ఎర్రగా వెలిగింది. నడుమ చిన్న చుక్క, దాని చుట్టూ అల్లుకున్న సన్నటి నరాలు. చుక్క కొట్టుకుంటూ ఉంది. ఆమె వంగి చూసింది.

"అచ్చం పట్టుపోగులు సార్" అంది మెల్లగా. "లోపల కూర్చోని ఎవురు నేస్తాండారో."

ఆమె ఊపిరి నా చేతికి తగిలింది. గుడ్డు కదలకుండా పట్టుకోవడంమీద నేను మనసంతా పెట్టాను. అవ్వ తనకూ చూపించమని తీసుకుని, ఒక కన్ను మూసి చూసి, "పాపం, ఇరుకు" అని తిరిగి ఇచ్చేసింది.

ఆ గదిలోనే నిశ్చయించుకున్నాను, వాళ్లింట్లో అడగాలని. మాది హిందూపురం పక్క భూములున్న ఇల్లు, వాళ్లది మగ్గాల ఇల్లు. ఆ రెండిళ్ల మధ్య రైలు రోజూ తిరిగేది గానీ, పెళ్లిచూపులకు ఎవరూ దిగేవాళ్లు కాదు. అందుకని తొందరపడకూడదనుకున్నాను. కోడిని అప్పజెప్పే రోజు ఊరికే మంచివాడిలా కూర్చుని రావాలి. తరవాత నా పాలు చూసుకునే నెపంతో పోతూ వస్తూ ఉండాలి. పిల్లలకు ఈకలు వచ్చే వేళకు వాళ్లకు నా మీద కొంచెం నమ్మకం వస్తుంది. అప్పుడు అడగాలి. ఈ సంగతి ఆమెకు చెప్పావా అంటే, చెప్పలేదు. నేను చెప్పని మాటల్ని కూడా చేరవేయగల మనిషి కదా, తెలిసే ఉంటుందనుకున్నాను.

పిల్లలు దిగాయి. ఒకటి రెండు తప్ప గుడ్లన్నీ పగిలి, పసుపుపచ్చటి ముద్దలు తల్లి రెక్కల్లోంచి తొంగి చూశాయి. వీధిలో ఆడవాళ్లు వరసగా వచ్చి చూసిపోయారు. సీమగుడ్డుకు పోయిన పరువు సగం ఆ వసారాలోనే తిరిగి వచ్చింది. బి.డి.ఓ. గారు కూడా వచ్చి, వంగి చూసి, "యంత్రం లేకుండానే!" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఒక ఆదివారం ఇద్దరం పాసింజరులో ధర్మవరం బయలుదేరాం. అవ్వ గంపకు పసుపు రాసి ఇచ్చింది. ఆమె కిటికీ పక్కన, నేను ఎదుటి బల్లమీద, గంప మధ్యన. చెనిక్కాయల మూటమీద కూర్చున్న ఒకాయన మమ్మల్నీ, పసుపు గంపనీ మార్చి మార్చి చూసి, పుట్టింటికా అని అడిగాడు. "అవునన్నా, పుట్టింటికే" అంది ఆమె, ఎవరి పుట్టిల్లో తేల్చకుండా, బయటికి చూస్తూ. నేను ఆ రైలు ధర్మవరంలో ఆగకుండా ఎంత దూరమైనా పోవచ్చని అనుకున్నాను. అది మాత్రం ఆ రోజు వేళ తప్పకుండా చేరింది.

ఇంట్లోకి అడుగు పెడుతూనే మగ్గం చప్పుడు. వాళ్ల నాయన గుంతలో కాళ్లు దించి కూర్చుని, పెద్దంచు చీర నేస్తున్నాడు. కూర్చోమని కళ్లతోనే చెప్పాడు. వాళ్లమ్మ కోడిని రెండు చేతులా ఎత్తుకుని, దాని కాళ్లమీద నీళ్లు పోసి, గడప లోపల వదిలింది. పిల్లలు దాని వెంట గొలుసులాగా పోయాయి. నాకు సంకటి, చెనిక్కాయల పచ్చడి పెట్టింది. తింటుంటే మాది ఏ ఊరు, ఎంత భూమి, అన్నదమ్ములెందరు అన్నీ అడిగింది. పెండ్లయిందా నాయనా అని కూడా అడిగింది. లేదన్నాను. మంచి శకునమనుకుని ఇంకో ముద్ద పెట్టించుకున్నాను.

చేతులు కడుక్కుని వచ్చేసరికి వాళ్లమ్మ కోడి ముందర కూర్చుని ఉంది.

"పాలు ఈ పొద్దే పంచుకుందాం నాయనా" అంది.

నాకు వెంటనే తలకెక్కలేదు. పిల్లలు ఇంకా చేతిలో ఒదిగిపోయేంత ఉన్నాయి. అంత పసివాటిని ఎవరూ పంచరు. పద్ధతులన్నీ తెలిసిన మనిషి అలా అనదు, కావాలని అంటే తప్ప.

"మళ్లా మళ్లా నువ్వు రావడం, ఎవురాయప్ప అని వీధిలోవాళ్లు అడగడం, ఎందుకవన్నీ" అంది వాళ్లమ్మ, మెత్తగా, నేను బాధపడకూడదని చూస్తూ. "నీకు ఉద్యోగం ఉండాది. మాకు ఆడబిడ్డ ఉండాది."

మగ్గం ఆగింది. గోడవార కూర్చుని కండెలకు పట్టు చుడుతున్న ఆమె చెయ్యి కూడా ఆగింది. తల ఎత్తి నా వైపు చూసింది. ఈసారి నా మాట చేరవేసే మనిషి మధ్యలో లేదు, నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

"సరేనమ్మా" అన్నాను.

మగ్గం మళ్లీ మొదలైంది.

పంచడం నా వంతు, ఏరుకోవడం కోడి గలవాళ్ల వంతు. నేను రెండు గంపల్లో పెట్టాను. వాళ్లమ్మ రెంటినీ చూసి, నా వాటాలోంచి నలతగా ఉన్నవాటిని తీసి తన గంపలో వేసుకుని, తన గంపలోని హుషారైనవాటిని నాకు వేసింది. "ఇవి ఈడ తల్లితో బతికిపోతాయి. నీ దగ్గర తల్లి ఉండదు కదా, గట్టివి తీస్కపో" అంది. ఆ మనిషిమీద కోపం తెచ్చుకుందామని తరవాత చాలా ఏళ్లు ప్రయత్నించాను. కుదరలేదు.

మర్నాడు సెలవు కావడంతో ఆమె అక్కడే ఉండిపోయింది. నేను గడప దాటుతుంటే, తెగిపోయిన పట్టుపోగుల ఉండ ఒకటి తెచ్చి గంపలో పిల్లల చుట్టూ సర్దింది. చలికి, అంది. అంతే.

తిరుగు రైలులో పిల్లలు దారి పొడుగునా అరిచాయి. బీడీ కాలుస్తున్న ఒక ముసలాయన వంగి చూసి, "తల్లి ఏదప్పా?" అన్నాడు. ధర్మవరంలో ఉండిపోయిందన్నాను. ఆయన బీడీ ఆర్పేశాడు.

ఆ పిల్లల్ని నేను పెట్టెలో పెట్టి, ఇంక్యుబేటరు దీపంతో కాచి పెంచాను. ఆ యంత్రం మా బ్లాకులో చేసిన ఒకే మంచిపని అది. అవి తెల్లటి కోళ్లయ్యాయి, బాగా గుడ్లు పెట్టాయి. ఒక్కటీ పొదుగుకు కూర్చోలేదు. అవ్వ వాటికి రోజూ నూకలు చల్లుతూ, ఇవేం కోళ్లప్పా, దేనిమీదా ఆశ లేదు వీటికి, అనేది.

పల్లెలకు మేము ఎప్పటిలాగే కలిసి వెళ్లాం. నేను అరుగుమీద, ఆమె పెరట్లో. అయితే నా మాటలు ఇప్పుడు ఉన్నవి ఉన్నట్టు లోపలికి పోయేవి. తేమ అంటే తేమ. లోపల ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు చెప్పినట్టే చేశారు, సీమకోళ్లు పెరిగాయి, జిల్లా నుంచి నాకొక మెప్పు కాగితం కూడా వచ్చింది. చెవి మాత్రం చాలాకాలం ఆ నడవ వైపే ఉండేది.

ఎండలు ముదిరాక ఆమెకు కదిరిలో సంబంధం కుదిరింది, పట్టుచీరల వ్యాపారం చేసేవాళ్లు. ఉద్యోగం అటువైపు మార్పించుకుంది. వెళ్లే రోజు నేను బస్సుదాకా వెళ్లి ట్రంకుపెట్టె పైకి ఎక్కించాను. కదిరి బస్సు నిండేదాకా కదలదు. ఇద్దరం దాని నీడలో నిలబడ్డాం. వాళ్లమ్మ కోడి బాగుందా అని అడిగాను. బాగుందంది. మళ్లీ కూర్చుందంట, ఈసారి సొంత గుడ్లమీద.

కాసేపటికి ఆమే అంది. "ఆ పొద్దు మా అమ్మ పంచుకుందామనింది కదా సార్. పిల్లలు చిన్నవి, ఇంకొన్నాళ్లు ఉండనీమ్మా అని మీరు అడగొచ్చు కదా. అంతమాత్రమే కదా అడగాల్సింది."

"అడిగింటే ఉండనిచ్చేదా?" అన్నాను.

ఆలోచించింది. నన్ను సంతోషపెట్టడానికి లేనిది చెప్పే మనిషి కాదు.

"ఉండనిచ్చేది కాదులే" అంది. "అడిగినట్టన్నా ఉండేది."

కండక్టరు పిలిచాడు. ఆమె ఎక్కి, ఆడవాళ్ల సీటులో లోపలి వైపు కూర్చుంది. అక్కడినుంచి నేను కనపడను.

ఆ తరవాత నా సర్వీసంతా నేను శాఖను అడుగుతూనే వచ్చాను. కిరసనాయిలు కోటా అడిగాను, బదిలీలు అడిగాను, ప్రమోషను అడిగాను, ఒకసారి హిందూపురానికే వేయమని అడిగాను. కొన్ని ఇచ్చారు.